ఆ ఫోను ఎవరిది? పిల్లల స్క్రీన్ టైమ్‌కు ఏ ఇంటికి ఏ పద్ధతి నప్పుతుంది

పలాసలో జీడి ఫ్యాక్టరీ పనికి వెళ్ళే తల్లి ఇంట్లో చాలాసార్లు ఒకటే స్మార్ట్‌ఫోను ఉంటుంది. పగలంతా అది ఆమె దగ్గర. సందేళ పిల్లల చేతిలోకి వస్తుంది. రాత్రికి చెన్నైలోనో హైదరాబాదులోనో పనిలో ఉన్న తండ్రితో వీడియో కాల్. విజయనగరం కంటోన్మెంటులో ఉద్యోగస్తుల ఇంటి లెక్క వేరు: వైఫై, గోడకు స్మార్ట్ టీవీ, పెద్దవాళ్ళకు చెరో ఫోను, పిల్లకు ట్యాబ్. పిల్లల స్క్రీన్ టైమ్ గురించి వచ్చే సలహాల్లో చాలా భాగం రెండో ఇంటిని చూసి రాసినవే. మొదటి ఇంట్లో అవి పెట్టుకుంటే తల్లి ఫోనే తాళం పడిపోతుంది. అందుకని ఏ యాప్ మంచిదని వెతికేముందు ఒకటి తేల్చుకోవాలి: పిల్లవాడు చూస్తున్న ఫోను ఎవరిది?

దానికన్నా ముందు గంటల లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇది: రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలు వద్దు, 2 నుంచి 4 ఏళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించొద్దు, తగ్గితే ఇంకా మేలు. మన పిల్లల డాక్టర్ల సంఘం, అంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండేళ్ళ లోపు ఏ తెరా వద్దంటుంది. రెండు నుంచి ఐదేళ్ళ వరకు పెద్దవాళ్ళు పక్కనుండగా గంట, ఐదు నుంచి పదేళ్ళ వరకు రెండు గంటల లోపు. పది దాటాక నిమిషాల కన్నా నిద్ర, చదువు, ఆట దెబ్బతింటున్నాయా అన్నది చూడమంటుంది. ఈ లెక్కలో టీవీ కూడా ఉంది. ఫోను అరగంటే ఇస్తున్నాం అనే ఇంట్లో నానమ్మ సీరియళ్ళు రెండు గంటలు నడుస్తుంటే, పక్కన కూర్చున్న మూడేళ్ళ గుంటకి రెండున్నర గంటలు అయినట్టే.

నాన్నతో వీడియో కాల్‌ను మాత్రం ఇందులో కలపక్కర్లేదు. రెండేళ్ళ లోపు పిల్లలకు కూడా డాక్టర్లు ఒప్పుకునే మినహాయింపు అదొక్కటే. వలస ఎక్కువున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. ఇబ్బంది కాల్ అయిపోయాక మొదలవుతుంది. నాన్న పెట్టేశాడు, ఫోను బిడ్డ చేతిలోనే ఉండిపోయింది, వేలు యూట్యూబ్ మీద పడింది. కాల్ నడుస్తున్నంతసేపూ ఫోను పెద్దవాళ్ళ చేతిలో ఉంటే ఇది రాదు.

ఒకే ఫోను ఉన్న ఇల్లు

ఇక్కడ మూడు దారులున్నాయి. మాట మీద నడిపించడం, ఫోనులోని టైమర్ పెట్టడం, ఒక్క యాప్‌కే ఫోనును కట్టేయడం.

టైమర్ అందరికీ తెలిసిందే. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌కి వెళ్ళి, డ్యాష్‌బోర్డ్ తెరిచి, యూట్యూబ్ పక్కన గంటో అరగంటో పెడితే, అంతసేపయ్యాక ఆ యాప్ ఆ రోజుకి మూసుకుపోతుంది. అర్ధరాత్రి దాటాక మళ్ళీ తెరుచుకుంటుంది. చూడటానికి బాగుంది కానీ ఒకే ఫోను ఉన్న ఇంట్లో ఇది పెద్దగా పనికిరాదు. ఫోనును ఎవరు వాడుతున్నారో దానికి తెలియదు. మధ్యాహ్నం తల్లి వంట వీడియో చూసినా పిల్లవాడి గంటలోంచే తరిగిపోతుంది. పైగా ఆ టైమర్ తీసేయడానికి పాస్‌వర్డ్ అడగదు, ఎక్కడుందో తెలిసిన ఎనిమిదేళ్ళ పిల్లవాడు రెండు నొక్కుల్లో తీసేస్తాడు. తీయకపోయినా క్రోమ్ తెరిచి అందులోనే యూట్యూబ్ చూస్తాడు. ఇది పెద్దవాళ్ళు తమను తాము పట్టుకోవడానికి మంచి పనిముట్టు, పిల్లలకు అంత కాదు.

పనిచేసేది మూడోది, యాప్ పిన్నింగ్. ఆండ్రాయిడ్‌లో 2014 నుంచీ ఉన్నా వాడేవాళ్ళు తక్కువ. సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో 'పిన్' అని కొడితే యాప్ పిన్నింగ్ అనో స్క్రీన్ పిన్నింగ్ అనో కనిపిస్తుంది. ఆన్ చేసి, దాని కింద ఉండే 'అన్‌పిన్ చేసేముందు పిన్ అడగాలి' అన్నదీ తప్పకుండా ఆన్ చేయండి. ఇది మరిచిపోతే మొత్తం వృథా. తర్వాత పిల్లలకు ఇవ్వాల్సిన యాప్ తెరిచి, ఇటీవల వాడిన యాపుల తెరకు వెళ్ళి, ఆ యాప్ పైనున్న చిన్న గుర్తు నొక్కితే 'పిన్' అని వస్తుంది. నొక్కాక ఫోను ఆ ఒక్క యాప్‌లోనే ఉంటుంది. వాట్సాప్‌కి పోలేరు, ఫోన్‌పేకి పోలేరు, పైనుంచి కిందికి లాగి డేటా ఆన్ చేయలేరు. బయటికి రావాలంటే కింద నుంచి పైకి జరిపి పట్టుకోవాలి, బటన్లున్న ఫోనులో వెనక్కి బటనూ ఇటీవలి యాపుల బటనూ కలిపి నొక్కి పట్టుకోవాలి. అప్పుడు పిన్ అడుగుతుంది. కొన్ని ఫోన్లలో పిన్ చేసి ఉండగా కాల్స్ సరిగా కనిపించవు. ముందే ఇంకో ఫోనునుంచి ఒకసారి చేసి చూసుకోండి. ఐఫోనులో ఈ పనే గైడెడ్ యాక్సెస్ చేస్తుంది, పక్క బటన్ మూడుసార్లు నొక్కాలి.

ఇది ఎక్కడ తప్పుతుంది? ఫోను తాళం పిన్ పిల్లలకు తెలిసిన చోట. పుట్టిన సంవత్సరాన్నే పిన్‌గా పెట్టుకున్న ఇల్లు, పిల్లల ఎదురుగానే కొట్టే ఇల్లు. వారం రోజుల్లో వాళ్ళకి వేళ్ళ కదలికతోనే తెలిసిపోతుంది. యూపీఐ పిన్ కూడా వేరే ఉండాలి, తాళం పిన్నే యూపీఐకి పెట్టుకోవడం గేమ్‌లో డబ్బు పోవడానికి దగ్గరి దారి. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

దేన్ని పిన్ చేయాలన్నది ఇంకో ఎంపిక. మామూలు యూట్యూబ్ పిన్ చేస్తే షార్ట్స్ అలాగే ఉంటాయి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు యూట్యూబ్ కిడ్స్ వేరే యాప్‌గా పెట్టుకోవడం మంచిది. అందులో నాలుగేళ్ళ వరకు, 5–8, 9–12 అని వయసు విభాగాలున్నాయి. వెతకడం ఆపేయొచ్చు, మీరు ఎంచిన ఛానళ్ళు మాత్రమే కనిపించేలా చేయొచ్చు. తాళం గుర్తు నొక్కి టైమర్‌లో 30 నిమిషాలు పెడితే సమయం కాగానే యాప్ మూసుకుంటుంది. ఒక తమాషా ఏమిటంటే, తాళం తీయడానికి మీరు సొంత పాస్‌కోడ్ పెట్టకపోతే అది ఒక గుణకారం లెక్క అడిగి వదిలేస్తుంది. ఎక్కాలు వచ్చిన మూడో తరగతి పిల్లవాడికి అది తాళమే కాదు. పాస్‌కోడ్ పెట్టండి.

మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు ఇంకా తేలికైన దారి ఉంది. నాలుగు పాటలో, ఒక కథో ముందే డౌన్‌లోడ్ చేసుకుని, విమానం గుర్తు నొక్కి నెట్ ఆపేసి, పిన్ చేసి ఇవ్వడం. అవి అయిపోతే ఆట అయిపోయినట్టే. చిన్నపిల్లలకు ఇరవై నిమిషాలంటే అర్థం కాదు, 'రెండు పాటలు' అంటే అవుతుంది. ఆపేటప్పుడు ఏడుపు ఎక్కువగా వచ్చేది వీడియో మధ్యలో లాక్కున్నప్పుడే. ఒకటి ముగియగానే ఇంకొకటి మొదలయ్యే ఆటోప్లే ఆఫ్ చేస్తే, ఆగడానికి ఒక చోటు దొరుకుతుంది.

మాట మీద నడిపించడం అన్నది పైవాటికి బదులు కాదు, వాటికి పునాది. పనికొచ్చే నియమాలు మూడే: అన్నం దగ్గర ఫోను లేదు, మంచం మీద ఫోను లేదు, పడుకునే గంట ముందు నుంచీ ఫోను లేదు. రాత్రి ఛార్జింగ్ హాల్లోనో వసారాలోనో ఒకే చోట పెట్టాలి. 'అలారం కోసం పక్కన ఉండాలి' అన్న సాకు పోవాలంటే ఒక మామూలు అలారం గడియారం కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు.

బడి వాట్సాప్ గ్రూపు సంగతి కూడా ఇక్కడే. హోమ్‌వర్కు గ్రూపులో వస్తుంది కాబట్టి ఫోను కావాలంటారు. ఇవ్వండి, కానీ చూసి నోటుబుక్కులో రాసుకోవడానికి పది నిమిషాలు, తర్వాత ఫోను వెనక్కి. లెక్కలు ఫోను చూస్తూ చేయక్కర్లేదు.

పిల్లకి విడిగా ఫోనో ట్యాబో ఉన్న ఇల్లు

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు ఇచ్చారు. కొందరికి కోవిడ్ కాలంలో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న ఫోను అలాగే ఉండిపోయింది. ఏ దారిన వచ్చినా, విడి ఫోనుంటే గూగుల్ ఫ్యామిలీ లింక్, అంటే మీ ఫోను నుంచే పిల్ల ఫోనుకి హద్దులు పెట్టే యాప్, సరైన ఎంపిక. డబ్బు కట్టక్కర్లేదు, బయటి యాపుల కన్నా నమ్మకం.

పెట్టేటప్పుడు చేసే తప్పు ఒకటే, కానీ అది మొత్తాన్ని పాడుచేస్తుంది. సెల్ షాపులో ఫోను తెరిచేటప్పుడు తొందరగా అయిపోవాలని పుట్టిన సంవత్సరం 2000 అనో 1995 అనో కొట్టేస్తారు. గూగుల్ దృష్టిలో అప్పుడు మీ ఆరో తరగతి పిల్ల పాతికేళ్ళ మనిషి. వయసుకి తగ్గ కట్టుబాట్లేవీ రావు. అందుకని పిల్లకి కొత్త గూగుల్ అకౌంటు అసలు పుట్టిన తేదీతో తెరిచి, ఫోనులో ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేసే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఆ అకౌంటుతోనే మొదలుపెట్టాలి. రీసెట్‌కి ముందు ఫొటోలు వేరే చోట దాచుకోండి. తర్వాత తల్లి లేదా తండ్రి ఫోనులో ఫ్యామిలీ లింక్ వేసి రెండూ కలపాలి. మీ అకౌంటు పిల్ల ఫోనులో ఉంచొద్దు, ఉంటే అదే దొంగదారి.

కలిపాక మూడు అమర్చాలి. బడి రోజులకు ఒక లెక్క, ఆదివారానికి ఒక లెక్క: ఉదాహరణకు బడి రోజు 45 నిమిషాలు, ఆదివారం గంటన్నర. డౌన్‌టైమ్, అంటే ఫోను తాళం పడి ఉండే వేళ, రాత్రి 8:30 నుంచి ఉదయం 6:30. కొత్త యాప్ ఏది వేసుకోవాలన్నా మీ అనుమతి. ఫోను డయలర్, బడి యాప్ ఉంటే అది మాత్రం 'ఎప్పుడూ అనుమతి'లో పెట్టండి, లేకపోతే సమయం అయిపోయాక ట్యూషన్ దగ్గర్నుంచి ఇంటికి ఫోను చేయలేని పరిస్థితి వస్తుంది. మీరు మార్చిన సెట్టింగు పిల్ల ఫోనుకి చేరాలంటే ఆ ఫోనులో నెట్ ఉండాలి. 'పెట్టాను కానీ పనిచేయలేదు' అనేవాళ్ళలో చాలామంది దగ్గర జరిగేది ఇదే.

ఐఫోను ఇళ్ళలో అందులోనే ఉండే 'స్క్రీన్ టైమ్' అనే సెట్టింగు చాలు. దాని పాస్‌కోడ్ ఫోను తాళానికి వేరుగా ఉండాలి.

ఫ్యామిలీ లింక్ చేయలేనిది ఒకటుంది: అది నానమ్మ ఫోనులోకి రాదు. పిల్లలకు తాళం ఉన్న ఫోను ఒకటి, తాళం లేనిది ఇంకొకటి ఉంటే ఏది తెరుస్తారో చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళను మందలిస్తే లాభం లేదు, వాళ్ళకి సాయంత్రం పిల్లల్ని పట్టుకోవడానికి ఫోనుకి బదులు ఏదో చేతిలో ఉండాలి. ఆ సంగతి కిందకి వస్తుంది.

వైఫై, డేటా దగ్గర ఆపడం

వైఫై ఇచ్చే పెట్టె, అంటే రౌటర్‌లో గంటలు పెట్టి ఒక్కో పరికరానికి నెట్ ఆపొచ్చు. స్మార్ట్ టీవీకి ఇది బాగా నప్పుతుంది. ఫోనుకి అంత కాదు: ఫోనుకి మొబైల్ డేటా ఉంటుంది, పైగా కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు వైఫైకి తమను గుర్తుపట్టే అసలు నంబరు (మ్యాక్) బదులు ఇంకోటి చూపిస్తాయి. ఆ సెట్టింగు మార్చగానే రౌటర్‌కి అది కొత్త ఫోనులా కనబడుతుంది.

డేటా ప్యాకుల్లో ఒక చిక్కుంది. రోజుకి ఒకటిన్నర జీబీ అని వచ్చే ప్యాకు అర్ధరాత్రికి కొత్తగా మొదలవుతుంది, మిగిలింది పోతుంది. 'వేస్టవుతుంది కదా' అని పది, పదకొండు గంటలకు రీల్స్ మొదలవుతాయి. పిల్లకి కాల్స్ కోసమే సిమ్ అయితే డేటా లేని ప్యాకు వేయండి. 2025 నుంచి కంపెనీలు కాల్స్, ఎస్‌ఎంఎస్‌లకు మాత్రమే ప్యాకులు అమ్ముతున్నాయి, అడిగితేనే చెబుతారు. కీప్యాడ్ ఫోను కొన్నా చూసి కొనండి, కొన్ని 4జీ కీప్యాడ్ ఫోన్లలో యూట్యూబ్ కూడా వస్తుంది.

టీవీనా, ఫోనా

ఎలాగూ గంటసేపు చూడనివ్వాలి అనుకుంటే టీవీయే నయం. ఏడెనిమిది అడుగుల దూరం ఉంటుంది, మెడ వంచక్కర్లేదు, ఏం చూస్తున్నారో వంటింట్లోంచి వినబడుతుంది. వేలితో జరుపుకుంటూ పోయే పని తక్కువ. ఫోనయితే ముఖానికి జానెడు దూరంలోకి వచ్చేస్తుంది. దగ్గరి చూపు పని ఎక్కువై, ఆరుబయట తిరగడం తగ్గిన పిల్లల్లో దూరం చూపు మందగించే అవకాశం ఎక్కువ, రోజుకి రెండు గంటల పగటి వెలుతురు దాన్ని కొంత ఆపుతుంది. ఫోను తప్పనప్పుడు ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదో ఇరవై సెకన్లు చూడమనండి. వీధి చివర కొబ్బరి చెట్టయినా సరే.

ఒక్కసారే ఆపాలా, మెల్లగా తగ్గించాలా

రెండూ సరైనవే, చోటు వేరు. అన్నం దగ్గర ఫోను ఒక్కసారే ఆపాలి. సగం ఆపితే అలవాటు సగం కాదు, మొత్తం ఉండిపోతుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు పెరుగుతుంది, ఒకటి రెండు పూటలు సరిగా తినరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు రెండు పూటలు తక్కువ తింటే ఏమీ కాదు, అయితే బరువు తక్కువున్న వాళ్ళకూ జ్వరం నుంచి తేరుకుంటున్న వాళ్ళకూ డాక్టరుని అడిగే మొదలుపెట్టండి. ఎక్కడ చెడుతుందంటే మూడో రోజు. నలభై నిమిషాలు ఏడ్చాక జాలేసి ఇచ్చేస్తారు. దాంతో పిల్లవాడు నేర్చుకునేది నలభై నిమిషాలు ఏడిస్తే వస్తుందని, మరుసటి రోజు గంట ఏడుస్తాడు. ఇవ్వక తప్పదని ముందే తెలిస్తే మొదటి నిమిషంలోనే ఇచ్చేయడం నయం. పనుల రోజుల్లో, పెళ్ళికి వెళ్ళాల్సిన వారంలో మొదలుపెట్టొద్దు.

సాయంత్రం మూడు గంటలు చూస్తున్న ఎనిమిదేళ్ళ పిల్లకి మెల్లగా తగ్గించడమే మంచిది. మూడు రోజులకొకసారి ఇరవై నిమిషాలు. మూడు గంటలు గంటకి రావడానికి ఆరు మెట్లు, అంటే పద్దెనిమిది రోజులు. క్యాలెండరు మీద తారీకు పక్కన నిమిషాలు పిల్లచేతే రాయిస్తే వాదన తగ్గుతుంది. ఎండాకాలంలో ఇంకో చిట్కా: ఆ గంటను మధ్యాహ్నం రెండు, మూడు మధ్య పెట్టండి. మే నెలలో ఎలాగూ ఆ వేళ బయటికి పంపలేరు. సాయంత్రం ఐదు తర్వాత గాలి తిరిగాక తెర ఉంచితే ఆట పోతుంది.

ఖాళీ అయిన గంట

తీసేసిన చోట ఏదీ పెట్టకపోతే ఫోను తిరిగి వచ్చేస్తుంది. ఒక అట్టపెట్టె సిద్ధం చేసి నానమ్మ మంచం కింద పెట్టండి: చింతపిక్కలు, గవ్వలు, పాత క్యాలెండరు కాగితాలు, రంగు పెన్సిళ్ళు, మొన లేని కత్తెర, దారం. వామనగుంటలు, అష్టాచెమ్మా నేర్పడానికి ఇంట్లో ఆవిడ కన్నా గురువు ఎవరు? పెద్దవాళ్ళు మొదటి పది నిమిషాలు కూర్చుంటే చాలు, తర్వాత ఆట తనంతట నడుస్తుంది. కూర్చోకుండా 'పోయి ఆడుకో' అంటే ఐదు నిమిషాల్లో తిరిగి వస్తారు. అక్టోబరు, నవంబరులో తుపాను రోజుల్లో ఈ పెట్టె మరీ అవసరం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక పలాస వైపు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు ఫోనులో మిగిలిన ఛార్జింగు కబురు తెలుసుకోవడానికి దాచుకోవాలి.

బయట ఆడించడానికి మన దగ్గర చోటుకి కొరత లేదు. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం, విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉన్నాయి. పల్లెల్లో బడి మైదానం, నూర్పిళ్ళయ్యాక కళ్ళం. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడలో ఇప్పటికీ బరువులెత్తే పిల్లలున్నారు. అంత దూరం వెళ్ళక్కర్లేదు, వారంలో మూడు రోజులు ఒకే వేళకి ఒకే చోటికి వెళ్ళే ఆట ఏదైనా ఒకటి ఉంటే తెర గంటలు చెప్పకుండానే తగ్గుతాయి. అప్పుడప్పుడూ ఎప్పుడైనా ఆడే ఆటకి ఆ బలం లేదు.

పదో తరగతి, ఇంటర్

ఈ వయసులో తాళాలు ఎంత గట్టిగా వేస్తే అంత తెలివిగా తీస్తారు. పదిహేనేళ్ళ వాడికి ఫోను లాక్కోవడం కన్నా మూడు విషయాలు కలిసి కూర్చుని తేల్చుకోవడం మంచిది: రాత్రి ఫోను ఎక్కడ ఉంటుంది, చదివే రెండు గంటలు అది ఏ గదిలో ఉంటుంది, నోటిఫికేషన్లు ఏవి ఆఫ్. మొదటిది ఖాయమైతే మిగతా రెండూ సులువు. ఎందుకంటే ఈ వయసులో నష్టం ఎక్కువగా నిద్ర దగ్గరే జరుగుతుంది, పొద్దున బడిలో తూగేది రాత్రి ఒంటిగంట దాకా చూసినవాళ్ళే. చదువుకి వీడియో పాఠాలు కావాలంటే ఫోను కన్నా టీవీలోనో పాత ల్యాప్‌టాప్‌లోనో పెట్టండి. హాస్టల్ పిల్లలు సంక్రాంతికి ఇంటికొచ్చి పది రోజులూ ఫోనుతో గడిపితే భయపడక్కర్లేదు, నెలల తరబడి లేని ఆకలి అది. మొదటి రెండు రోజులు వదిలేసి, మూడో రోజు నుంచి నిద్ర వేళ ఒక్కటే పట్టుకోండి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

కొన్ని సెట్టింగులతో తేలవు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి 'అమ్మ రా', 'పాలు ఇయ్యి' అనకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం. ఫోను తగ్గిస్తే అదే వచ్చేస్తుందని నెలలు ఆగొద్దు, చెవి వినికిడితో సహా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగంలో చూపించండి. పుస్తకం ముక్కుకి ఆనించి చదవడం, బోర్డు కనబడక పక్కవాడి నోటు చూసి రాయడం ఉంటే కళ్ళ పరీక్ష. పెద్దపిల్లలు గేమ్ ఆపమంటే వస్తువులు విసరడం, రెండు వారాలుగా నిద్రా తిండీ మానేయడం, బడికి వెళ్ళననడం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా లైను టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, పిల్లవాడు మాట్లాడనంటే తల్లిదండ్రులే చేసి అడగొచ్చు.